ఏ చుక్క కూలితే ఈ మెరుపు?

దాదాపు రోజుకొకసారి, ఆకాశంలో ఏదో ఒక మూల నుంచి గామా కిరణాల జల్లు వచ్చి భూమిని తాకుతుంది. ఎప్పుడు వస్తుందో, ఎటు నుంచి వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఒక్కోసారి సెకనులో పదో వంతులో ముగిసిపోతుంది, ఒక్కోసారి నిమిషాల తరబడి సాగుతుంది. ఉన్నంతసేపూ గామా కిరణాల్లో మిగతా ఆకాశమంతటినీ వెలవెలబోయేలా చేస్తుంది. ఆగిపోయాక అదే చోట మళ్లీ రాదు. మన కళ్లకు ఇదేదీ తెలియదు, ఎందుకంటే గామా కిరణాలను వాతావరణం పైనే ఆపేస్తుంది. ఉపగ్రహాలు లేని కాలంలో ఇలాంటిది ఒకటి జరుగుతోందని తెలుసుకునే దారే మనిషికి లేదు.

గామా కిరణ విస్ఫోటనాలుగా పేరుపడ్డ ఈ మెరుపులు నక్షత్రాల చావు నుంచి పుడతాయని ఇవాళ మనకు తెలుసు. ఏ నక్షత్రం, ఎలా చస్తే ఇవి పుడతాయో కూడా చాలావరకు తెలుసు. అయితే ఈ జవాబును మెరుపు స్వయంగా ఇవ్వలేదు. అది ఆరిపోయాక గంటలు, రోజులు, వారాల పాటు నిలిచే మసక వెలుగు, అంటే మలి వెలుగు, ఇచ్చింది. ఆ వెలుగు కోసం ఓపికగా కాచుకున్న ప్రతిసారీ ఈ శాస్త్రం ఒక అడుగు ముందుకు వేసింది. కాచుకోకుండా మెరుపును మాత్రమే లెక్కలు కట్టిన రోజుల్లో దారి తప్పింది.

అణు పరీక్షల కాపలా

1963లో అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ ఒక ఒప్పందం చేసుకున్నాయి. గాలిలో, నీటిలో, అంతరిక్షంలో అణ్వాయుధ పరీక్షలు జరపకూడదన్నది దాని సారాంశం. ఒప్పందాన్ని ఎవరైనా అతిక్రమిస్తున్నారేమో కనిపెట్టడానికి అమెరికా వేలా ఉపగ్రహాలను భూమికి లక్ష కిలోమీటర్లకు పైగా ఎత్తున తిప్పింది. అణుబాంబు పేలితే వెలువడే గామా కిరణాలను పట్టుకోవడం వాటి పనుల్లో ఒకటి.

1967 జులై 2న వాటికి గామా కిరణాలు తగిలాయి. కానీ వాటి తీరు బాంబు తీరులా లేదు. లాస్ అలమోస్ ప్రయోగశాలలో రే క్లెబెసాడెల్, ఇయాన్ స్ట్రాంగ్, రాయ్ ఓల్సన్ ఇలాంటి నమోదులను కూడబెట్టి పరిశీలించారు. ఒకే మెరుపు ఒక్కో ఉపగ్రహానికి కాస్త వెనకాముందుగా చేరుతుంది. ఆ తేడాను బట్టి అది ఏ దిక్కు నుంచి వచ్చిందో ఉజ్జాయింపుగా లెక్కకట్టవచ్చు. లెక్క తేలాక, అవి భూమి నుంచీ రాలేదు, సూర్యుడి నుంచీ రాలేదని తెలిసింది. 1969 జులై నుంచి 1972 జులై దాకా నమోదైన 16 విస్ఫోటనాల వివరాలను 1973లో వారు ప్రచురించారు.

అక్కడి నుంచి ఊహల కాలం మొదలైంది. న్యూట్రాన్ తారల మీద తోకచుక్కలు పడుతున్నాయన్న వాదన దగ్గర నుంచి నక్షత్రాలు పేలిపోయే సూపర్నోవాల దాకా, 1994 నాటికి వందకు పైగా సిద్ధాంతాలు పుట్టాయి. ఇన్ని పుట్టడానికి కారణం ఒక్కటే: మెరుపు ఎంత దూరం నుంచి వస్తోందో ఎవరికీ తెలియదు. మామూలు కాంతిని అద్దంతో ఒకచోటికి చేర్చినట్టు గామా కిరణాలను చేర్చలేం. అందువల్ల అవి వచ్చిన దిక్కు స్థూలంగా తెలిసేదే తప్ప, ఫలానా చుక్క అని వేలు పెట్టి చూపడం కుదిరేది కాదు. దూరం తెలియనప్పుడు శక్తీ తెలియదు. మన పాలపుంతలోనే పుట్టినదైతే ఓ మోస్తరు సంఘటన. కోట్ల కాంతి సంవత్సరాల అవతల పుట్టినదైతే, అంత శక్తి ఎక్కడి నుంచి వచ్చిందన్నది భౌతికశాస్త్రానికే పెద్ద పరీక్ష.

నలుదిక్కులా సమానంగా

1991 ఏప్రిల్‌లో నాసా కాంప్టన్ గామా కిరణ అబ్జర్వేటరీని కక్ష్యలోకి పంపింది. దాని ఎనిమిది మూలల్లో బాట్సీ అనే పరికరం తాలూకు ఎనిమిది గ్రాహకాలు ఉండేవి. తొమ్మిదేళ్లలో అది 2,704 విస్ఫోటనాలను నమోదు చేసింది. వాటన్నిటినీ ఆకాశ పటం మీద గుర్తిస్తే ఏ పక్కా ఒత్తుగా కనబడలేదు. అవి మన పాలపుంత బిళ్లలో పుడుతున్నవే అయితే పాలపుంత పట్టీ వెంబడి గుమికూడి ఉండాలి. అలా లేవు.

1995 ఏప్రిల్ 22న వాషింగ్టన్‌లో ఈ విషయం మీద బహిరంగ చర్చ జరిగింది. ఇవి సుదూర గెలాక్సీల్లో పుడుతున్నాయని బోదాన్ పచిన్‌స్కీ, మన పాలపుంత చుట్టూ ఉన్న విశాలమైన గోళాకార ఆవరణంలోనే పుడుతున్నాయని డాన్ లాంబ్ వాదించారు. మార్టిన్ రీస్ సంధానకర్తగా వ్యవహరించారు. ఆ రోజు ఎవరూ గెలవలేదు. చేతిలో ఉన్నవన్నీ మెరుపుల లెక్కలే, వాటిని ఎన్ని రకాలుగా కూడినా దూరం తేలదు.

బాట్సీ మరో ముఖ్యమైన సంగతి బయటపెట్టింది. విస్ఫోటనాలను వాటి నిడివి ప్రకారం వరుసలో పెడితే రెండు గుంపులు కనబడ్డాయి. రెండు సెకన్లలోపు ముగిసేవి ఒక గుంపు, అంతకన్నా ఎక్కువ సాగేవి మరో గుంపు. 1993లో క్రిస్సా కువేలియోటు బృందం దీన్ని స్పష్టంగా చూపింది. రెండు గుంపులంటే పుట్టుక కూడా రెండు రకాలై ఉండాలన్న అనుమానం అప్పుడే బలపడింది.

1997: మెరుపు వెనక వెలుగు

ఇటలీ, నెదర్లాండ్స్ కలిసి పంపిన బెప్పోసాక్స్ ఉపగ్రహం ఈ కథను మలుపు తిప్పింది. గామా మెరుపును పట్టుకోవడంతో పాటు, కొన్ని గంటల్లో అటువైపు తిరిగి ఎక్స్ కిరణాల్లో ఆ చోటును చూడగల శక్తి దానికి ఉంది. 1997 ఫిబ్రవరి 28న వచ్చిన విస్ఫోటనం తరువాత అది ఆ చోట తగ్గిపోతున్న ఎక్స్ కిరణాల వెలుగును కనిపెట్టింది. యాన్ వాన్ పారడీస్ బృందం కెనరీ దీవుల్లోని విలియం హెర్షెల్ దూరదర్శినితో అక్కడే మామూలు కాంతిలో ఒక చుక్కను పట్టుకుంది. రోజులు గడిచేకొద్దీ అది మసకబారుతూ వచ్చింది.

అదే ఏడాది మే 8న మరో విస్ఫోటనం వచ్చింది. హవాయిలోని కెక్ దూరదర్శినితో దాని మలి వెలుగు వర్ణపటాన్ని తీశారు. దారిలో అడ్డుపడ్డ వాయువులు ఆ వెలుగు మీద నల్లని గీతలు వదిలాయి. విశ్వం విస్తరిస్తున్న కొద్దీ అలాంటి గీతలు ఎరుపు వైపు జరుగుతాయి. ఎంత జరిగాయో కొలిస్తే, ఆ వెలుగు వందల కోట్ల ఏళ్లు ప్రయాణం చేసి మనను చేరిందని తేలింది. పచిన్‌స్కీ మాట నిజమైంది. రెండు దశాబ్దాలకు పైబడిన వాదన ఒక్క వర్ణపటంతో ముగిసింది.

దానితో పాటే కొత్త చిక్కు వచ్చింది. 1999 జనవరి 23న కనబడిన విస్ఫోటనం అన్ని దిక్కులా సమానంగా శక్తిని వెదజల్లి ఉంటే, గామా కిరణాల్లోనే సూర్యుడి లాంటి నక్షత్రాలు రెండింటి ద్రవ్యరాశిని పూర్తిగా శక్తిగా మార్చినంత అవుతుంది. ఏ నక్షత్రమూ అలా చేయలేదు. జవాబు ఆ వెలుగు వెళ్లే దిశలో ఉంది. గది మధ్యలో వేలాడే బల్బు వెలుగు నాలుగు గోడలకూ పంచుకుపోతుంది. అదే బల్బును టార్చిలైటులో పెడితే ఒక్క గోడ మీద కళ్లు చెదిరేంత కాంతి పడుతుంది, మిగతా గది చీకటిగానే ఉంటుంది. గామా విస్ఫోటనం కూడా కొన్ని డిగ్రీల వెడల్పున్న రెండు సన్నని ధారలుగానే బయటికి దూసుకొస్తుంది. ఆ ధార మన వైపు తిరిగి ఉంటేనే మనకు కనబడుతుంది. ఈ లెక్క సరిచేస్తే అసలు శక్తి, సూర్యుడు తన వెయ్యి కోట్ల ఏళ్ల జీవితంలో ఇచ్చే మొత్తం శక్తితో సరితూగే స్థాయికి దిగుతుంది. సెకన్లలో అంత శక్తి వెలువడటం అప్పటికీ అసాధారణమే, కానీ ఒక నక్షత్రం ఇవ్వగలిగినదే. మరో మాట కూడా ఈ సవరణలో ఉంది: మనకు కనబడే ప్రతి విస్ఫోటనానికీ, ఇంకెటో గురిపెట్టి మన చూపు తప్పించుకున్నవి వందల్లో ఉంటాయి.

భారీ నక్షత్రం కూలినప్పుడు

మెరుపు వెలుగు సెకనులో వెయ్యో వంతులో కూడా హెచ్చుతగ్గులు చూపుతుంది. అంత తక్కువ సమయంలో కాంతి 300 కిలోమీటర్లే వెళ్లగలదు. కాబట్టి ఈ శక్తిని పుట్టించే యంత్రం కొన్ని వందల కిలోమీటర్లకు మించి ఉండే వీలు లేదు. అంత చిన్న చోట అంత శక్తి అంటే న్యూట్రాన్ తార గానీ కృష్ణబిలం గానీ అయి ఉండాలి.

కాలిఫోర్నియాలో స్టాన్ వూస్లీ 1993లో ఒక నమూనా ప్రతిపాదించారు. 1999లో ఆండ్రూ మక్ఫాడియన్‌తో కలిసి దాన్ని కంప్యూటర్ మీద నడిపి చూపారు. సూర్యుడికి 25, 30 రెట్లు బరువున్న నక్షత్రాన్ని తీసుకోండి. దాని నడిమి భాగంలో హైడ్రోజన్ హీలియంగా, హీలియం కార్బన్‌గా, అలా మెట్టుమెట్టుగా కాలుతూ చివరికి ఇనుము పోగవుతుంది. ఇనుమును ఇంకా కలిపినా శక్తి రాదు. లోపలి మంట బయటికి నెట్టడం ఆగిపోగానే నక్షత్రం తన బరువుకు తానే కుంగిపోతుంది, నడుమ కృష్ణబిలం పుడుతుంది. నక్షత్రం వేగంగా తిరుగుతూ ఉంటే పై పదార్థం నేరుగా అందులో పడదు. కృష్ణబిలం చుట్టూ పళ్లెంలా పరుచుకుని సుడి తిరుగుతుంది. ఆ పళ్లెం నుంచి, తిరిగే అక్షం వెంబడి పైకీ కిందికీ రెండు ధారలు ఎగదన్నుతాయి. దాదాపు కాంతి వేగంతో అవి నక్షత్రాన్ని లోపలి నుంచి తొలుచుకుంటూ పది సెకన్ల అటూఇటూలో పై పొరను చీల్చుకుని బయటపడతాయి. ధారలోపలి అలజడుల నుంచి గామా కిరణాలు పుడతాయి. అదే ధార చుట్టూ ఉన్న వాయువును ఢీకొన్నప్పుడు ఎక్స్ కిరణాలతో మొదలై రేడియో తరంగాల దాకా సాగే మలి వెలుగు పుడుతుంది.

ఈ నమూనా నిజమైతే మెరుపుతో పాటు సూపర్నోవా కూడా కనబడాలి. 1998 ఏప్రిల్ 25న ఒక విస్ఫోటనం వచ్చిన చోటే, దాదాపు అదే రోజున, పన్నెండు కోట్ల కాంతి సంవత్సరాల అవతలి గెలాక్సీలో ఎస్‌ఎన్ 1998బీడబ్ల్యూ అనే సూపర్నోవా వెలిగింది. దాని పదార్థం సెకనుకు 30,000 కిలోమీటర్ల వేగంతో ఎగిరిపోతోంది. కానీ ఆ మెరుపు మామూలు వాటి కన్నా వేల రెట్లు బలహీనం. రెండూ యాదృచ్ఛికంగా ఒకచోట కనబడ్డాయేమోనన్న సందేహం మిగిలిపోయింది.

2003 మార్చి 29న ఆ సందేహం తీరింది. రెండు వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, ఈ లెక్కల్లో దగ్గరే అనదగిన చోట, బలమైన దీర్ఘ విస్ఫోటనం ఒకటి వచ్చింది. ఖగోళ శాస్త్రజ్ఞులు దాని మలి వెలుగు వర్ణపటాన్ని రోజు తరువాత రోజు తీస్తూ పోయారు. వారం తిరిగేసరికి, తగ్గిపోతున్న ఆ వెలుగులోంచి సూపర్నోవా గుర్తులు పైకి తేలాయి. అవి 1998 నాటి సూపర్నోవా గుర్తులతో అచ్చంగా సరిపోయాయి. దీర్ఘ విస్ఫోటనాలు భారీ నక్షత్రాల చావేనన్నది ఆ వారంలో స్థిరపడింది.

ఈ సూపర్నోవాల్లో హైడ్రోజన్ జాడ ఉండదు, హీలియం జాడ కూడా ఉండదు. దీనికి అర్థం ఉంది. పైన హైడ్రోజన్ పొర ఉన్న ఎర్ర మహాతార సూర్యుడికన్నా వందల రెట్లు పెద్దది. అంత మందాన్ని తొలిచేలోపు ధార ఊపిరి ఆగిపోతుంది. పై పొరలు ఊడిపోయి, గట్టి నడిమి భాగం మాత్రమే మిగిలిన వోల్ఫ్-రేయే తరహా నక్షత్రమైతేనే ధార బయటపడగలదు. కానీ పై పొరలను ఊడ్చే నక్షత్ర పవనాలు దాని భ్రమణాన్ని కూడా పట్టుకుపోతాయి. భ్రమణం లేకపోతే పళ్లెం లేదు, ధార లేదు. పొరలు పోవాలి, వేగం మిగలాలి. ఈ రెండూ ఒక నక్షత్రంలో కుదరడం అరుదు. బరువైన మూలకాలు తక్కువగా ఉన్న నక్షత్రాల్లో పవనాలు బలహీనంగా ఉంటాయి, అక్కడ ఇది కాస్త తేలిక. 2006లో ఆండ్రూ ఫ్రుక్టర్ బృందం హబుల్ చిత్రాలతో చూపింది కూడా ఇదే: దీర్ఘ విస్ఫోటనాలు ఎక్కువగా చిన్న, బరువైన మూలకాలు తక్కువున్న గెలాక్సీల్లో, కొత్త నక్షత్రాలు ముమ్మరంగా పుట్టే ప్రకాశవంతమైన చోట్ల వస్తున్నాయి. సూపర్నోవాల్లో నూటికి ఒకటి కూడా గామా విస్ఫోటనం కాకపోవడానికి కారణం ఈ అరుదైన పొంతనే.

రెండు న్యూట్రాన్ తారలు కలిసినప్పుడు

పొట్టి విస్ఫోటనాలది వేరే పుట్టుక. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే న్యూట్రాన్ తారల జంటలు ఉన్నాయని 1974లో రస్సెల్ హల్స్, జోసెఫ్ టేలర్ కనిపెట్టారు. గురుత్వ తరంగాల రూపంలో శక్తి కోల్పోతూ అవి కొద్దికొద్దిగా దగ్గరవుతాయి. చివరికి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అప్పుడు గామా మెరుపుతో పాటు బంగారం లాంటి బరువైన మూలకాలు కూడా పుడతాయని 1989లో డేవిడ్ ఐక్లర్, మారియో లివియో, త్స్వీ పిరాన్, డేవిడ్ ష్రామ్ రాశారు.

సాక్ష్యం దొరకడానికి 2004 నవంబరులో నింగికెక్కిన స్విఫ్ట్ ఉపగ్రహం కావలసి వచ్చింది. 2005 మే 9న అది పట్టుకున్న పొట్టి విస్ఫోటనం ఒక ముసలి గెలాక్సీ పక్కన కనబడింది. భారీ నక్షత్రాలు పుట్టడం ఎప్పుడో ఆగిపోయిన చోటది. అక్కడ కూలడానికి కొత్త నక్షత్రాలు లేవు, కోట్ల ఏళ్లుగా తిరుగుతున్న పాత జంటలే ఉంటాయి. 2013 జూన్ 3 నాటి పొట్టి విస్ఫోటనం తరువాత హబుల్ దూరదర్శిని అక్కడ పరారుణ కాంతిలో ఒక మసక వెలుగును చూసింది. తాజాగా పుట్టిన బరువైన మూలకాలు రేడియోధార్మికతతో క్షయమవుతూ ఇచ్చే ఈ వెలుగును కిలోనోవా అంటున్నారు.

2017 ఆగస్టు 17న అనుమానానికి తావు లేకుండా పోయింది. అమెరికాలోని లైగో, ఇటలీలోని వర్గో గ్రాహకాల ద్వారా రెండు న్యూట్రాన్ తారలు కలిసిపోతున్న గురుత్వ తరంగాలు తెలిశాయి. తరంగం ముగిసిన 1.7 సెకన్లకు ఫెర్మీ ఉపగ్రహం గామా మెరుపును చూసింది. దాదాపు 11 గంటల తరువాత చిలీలోని స్వోప్ దూరదర్శిని 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో కొత్త వెలుగును కనుగొంది. నీలంగా మొదలైన ఆ వెలుగు కొద్ది రోజుల్లోనే ఎరుపుకు తిరిగింది. దాని వర్ణపటంలో స్ట్రాన్షియం జాడను ఆ తరువాత గుర్తించారు. బంగారం, ప్లాటినం లాంటి మూలకాలు విశ్వంలో పుట్టే చోట్లలో ఒకదాన్ని మనిషి నేరుగా చూశాడు.

గడియారం చాలలేదు

ఇక లెక్క సరిపోయిందనిపించింది: రెండు సెకన్లు దాటితే భారీ నక్షత్రం, లోపైతే న్యూట్రాన్ తారల జంట. కానీ 2006 జూన్ 14న వంద సెకన్లకు పైగా సాగిన విస్ఫోటనం దగ్గరలోనే వచ్చినా, ఎంత వెతికినా సూపర్నోవా కనబడలేదు. 2020 ఆగస్టు 26న సెకను కూడా సరిగ్గా నిలవని విస్ఫోటనం వచ్చింది, దాని వెనక మాత్రం సూపర్నోవా బయటపడింది.

2021 డిసెంబరు 11న 50 సెకన్ల దాకా సాగిన విస్ఫోటనం వచ్చింది. నూటపది కోట్ల కాంతి సంవత్సరాల దూరమే కనుక సూపర్నోవా ఉంటే తప్పక కనబడాలి. సూపర్నోవా రాలేదు, కిలోనోవా వచ్చింది. 2023 మార్చి 7న ఇంకా ప్రకాశవంతమైన మరో దీర్ఘ విస్ఫోటనం అదే తీరులో కనబడింది. జేమ్స్ వెబ్ దూరదర్శిని దాని మలి వెలుగులో టెల్లూరియం గుర్తును చూసింది. అది పేలిన చోటు, దాని సొంతమనుకుంటున్న గెలాక్సీకి లక్ష కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉంది. న్యూట్రాన్ తార పుట్టిన సూపర్నోవా తోపుకు ఆ జంట గెలాక్సీ నుంచే బయటపడి, శూన్యంలో తిరిగి తిరిగి చివరికి కలిసిపోయిందని భావిస్తున్నారు.

రెండు సెకన్ల గీత మనం గీసుకున్నది. చనిపోయే నక్షత్రానికి దానితో పని లేదు. మెరుపు ఎంతసేపు ఉందన్నది లోపలి యంత్రం ఎంతసేపు నడిచిందో చెబుతుంది. ఆ యంత్రాన్ని ఎవరు కట్టారో మలి వెలుగే చెబుతుంది.

2022 అక్టోబరు 9 నాటి విస్ఫోటనం ఇప్పటిదాకా నమోదైన వాటిలో అన్నిటికన్నా ప్రకాశవంతమైనది. రెండు వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతల పుట్టి కూడా అది మన భూమి పై వాతావరణంలోని అయనావరణాన్ని కదిలించింది. వెబ్ దూరదర్శిని నెలల తరువాత దాని సూపర్నోవాను చూస్తే అది మామూలుగానే ఉంది. బరువైన మూలకాలు కొత్తగా పుట్టిన జాడ కనబడలేదు. మెరుపు ఎంత పెద్దదో నక్షత్రపు పేలుడు అంత పెద్దదై ఉండాలన్న ఊహ కూడా నిలవలేదు.

మన దేశపు రాత్రులు

ఈ పరిశోధనలో మన దేశానికి పాత భాగస్వామ్యమే ఉంది. 1994 మే నెలలో శ్రీహరికోట నుంచి ఏఎస్‌ఎల్‌వీ మోసుకెళ్లిన స్రాస్-సీ2 ఉపగ్రహంలో గామా విస్ఫోటనాలను పట్టే పరికరం ఉంది. 2015 సెప్టెంబరు 28న అదే శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్‌లోని సీజడ్‌టీఐ పరికరం, పని మొదలుపెట్టిన మొదటి రోజునే, అక్టోబరు 6న, ఒక విస్ఫోటనాన్ని చూసింది. ఆ తరువాత ఐదు వందలకు పైగా పట్టుకుంది. గామా కిరణాల కంపన దిశలో క్రమం ఉందా అన్నదాన్ని కూడా అది కొలవగలదు. ధారలోపల అయస్కాంత క్షేత్రం ఎలా అల్లుకుని ఉందో తెలిసే కొద్ది దారుల్లో ఇదొకటి.

నేల మీది పని కూడా తక్కువది కాదు. నైనిటాల్ ఖగోళ శాస్త్రజ్ఞులు 1999 జనవరి నుంచి మలి వెలుగులను గమనిస్తున్నారు. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో దూరదర్శిని 2017 నాటి న్యూట్రాన్ తారల కలయికను నెలల తరబడి చూసింది. 2021 డిసెంబరు నాటి ఆ వింత విస్ఫోటనాన్ని మెరుపు వచ్చిన కొన్ని గంటలకే ఉత్తరాఖండ్‌లోని దేవస్థల్ 3.6 మీటర్ల దూరదర్శిని చూసింది. అది దీర్ఘమైనదైనా న్యూట్రాన్ తారల కలయిక నుంచే పుట్టిందని తేల్చిన పరిశోధనలో ఆ చిత్రాలకు చోటు దక్కింది. మలి వెలుగు గంటగంటకూ తగ్గిపోతుంది. హవాయిలో, చిలీలో పగలైనప్పుడు దాన్ని ఎవరైనా చూడాలి. కెనరీ దీవులకూ ఆస్ట్రేలియాకూ మధ్య చీకటి పడే విశాలమైన భూభాగంలో మంచి ఆకాశం ఉన్న చోట్లు మన హిమాలయాల్లో ఉన్నాయి. దేవస్థల్, హాన్లే లాంటి చోట్ల ఒక్క రాత్రి మబ్బు పట్టినా ప్రపంచ వర్ణపటాల వరుసలో ఒక ఖాళీ మిగులుతుంది.

ముందున్న పని

2024 జూన్‌లో చైనా, ఫ్రాన్స్ కలిసి పంపిన ఎస్‌వీఓఎం ఉపగ్రహం 2025 మార్చి 14న ఒక విస్ఫోటనాన్ని పట్టుకుంది. అది పేలిన నాటికి విశ్వం వయసు 73 కోట్ల ఏళ్లే. జులైలో వెబ్ దూరదర్శిని అటు తిరిగి, దాని సూపర్నోవాను కూడా చూసింది. విశ్వపు తొలి నక్షత్రాలు మనకు విడిగా కనబడేంత ప్రకాశవంతమైనవి కావు. వాటి చావు మాత్రం కనబడే అవకాశం ఉంది. అంత పాత నక్షత్రాలు ఎంత బరువుండేవి, ఎంత వేగంగా తిరిగేవి, ఏ మూలకాలను వెదజల్లి పోయాయి అన్న ప్రశ్నలకు ఈ మెరుపులే దారి చూపిస్తాయి.

పెద్ద ప్రశ్నలు ఇంకా మిగిలే ఉన్నాయి. ధారను నడిపేది ప్రతిసారీ కృష్ణబిలమేనా, లేక తీవ్రమైన అయస్కాంత శక్తితో గిరగిరా తిరిగే న్యూట్రాన్ తార కూడా నడపగలదా? రెండు న్యూట్రాన్ తారలు కలిస్తే సెకనులో ముగియాల్సిన పని నిమిషం దాకా ఎలా సాగింది? విశ్వంలోని బంగారంలో ఎంత భాగం ఈ కలయికల నుంచి వచ్చింది? వీటికి జవాబులు మెరుపులను లెక్కపెట్టినంత మాత్రాన రావు. ఒక్కో మెరుపు వెనక ఒక దూరదర్శిని, ఒక వర్ణపటం, వారాల తరబడి నిద్ర మానుకుని చూసే మనుషులు ఉండాలి. ఉపగ్రహాలకు పెట్టే ఖర్చుతో పాటు నేల మీది దూరదర్శినులకు, వాటి దగ్గర రాత్రుళ్లు గడిపే యువ శాస్త్రజ్ఞులకు కూడా అంతే శ్రద్ధ దక్కాలి. నక్షత్రం ఎలా చచ్చిందో తేల్చేది ఆ శ్రద్ధేనని గడిచిన మూడు దశాబ్దాల అనుభవం రుజువు చేసింది.